పక్క సీటు వైపు లైటు

పొద్దున్నే షెడ్డు షట్టరెత్తి లైట్లమ్మ మొదట చేసే పని గోడ మీద సుద్దగీత మళ్ళీ దిద్దడం. బాగుచేసిన హెడ్‌లైట్ల వెలుగు ఆ గీత మించకుండా పడాలి. పైకి పోతే ఎదురొచ్చేవాడి కళ్ళు పోతాయి, మరీ కిందకి పోతే మన దారే పోతుంది. ఆ తర్వాత టీ. ఆ తర్వాత పచ్చబడ్డ అద్దాలు వాటర్ పేపర్‌తో రుద్దడం, ఆవిరి పట్టినవి ఆరబెట్టడం.

ఈమధ్య ఆవిరి పనే ఎక్కువైంది. కార్లో కూర్చుని అనకుండా మింగేసిన మాటలు మరెక్కడికి పోతాయి, హెడ్‌లైట్లలోకే పోతాయి, ఎవరివి వాళ్ళ వైపు లైట్లోకి. పాతకాలం బల్బులు కుంపట్లలా కాలేవి. ఎంత మాటైనా ఇల్లు చేరేలోపు ఇగిరిపోయేది, కాపురాలు సాగిపోయేవి. ఎల్‌ఈడీలొచ్చాక వెలుగు పెరిగింది, అద్దం చల్లబడింది. మాట దాన్నే పట్టుకుని ఉండిపోతోంది. వాటిలో బల్బొక్కటే మారుద్దామన్నా కుదరదు, మొత్తం లైటు మార్చాల్సిందే. అందుకని జనం ముందు ఆరబెట్టి చూడమంటారు. వెనక మూత తీసి హీట్ గన్ పెడితే మాటలు బయటికొస్తాయి. ఒకరింటి గుట్టు మనకెందుకని, అవి చెవిన పడకుండా ఆరబెట్టినంతసేపూ కంప్రెసర్ మోగించి ఉంచడం షెడ్డు మర్యాద.

షెడ్డు ఆమె బావది. అక్క పోయి ఏడాదైంది. ఇప్పుడు లైట్లమ్మని అదే బావకిచ్చి చెయ్యాలని అమ్మ పట్టు. బయటినుంచి వచ్చేవాడు ఎలాంటోడో ఎవడికి తెలుసు, ఇతను చూసిన మనిషి, అక్కని ఒక్కనాడైనా గట్టిగా ఒక మాటన్నాడా అంటుంది. అన్నాడని లైట్లమ్మ కూడా చెప్పలేదు. సరేనంటే షెడ్డులో సగం ఆమెది. కాదంటే రేపట్నించి ఏ మొహం పెట్టుకుని అక్కడ పనిచేస్తుంది? సాయంత్రంలోపు ఏదో ఒకటి తేల్చమంది అమ్మ.

ఆ రోజే బావ తన కారు లోపలికి తెచ్చి పెట్టాడు. పక్క సీటు వైపు లైటు లోపలంతా చెమటలు పట్టినట్టుంది. అక్క కూర్చున్న వైపు. కొత్త లైటు డబ్బా కూడా తెచ్చాడు. ఆరబెట్టే పని పెట్టుకోవద్దు, మార్చెయ్యమన్నాడు. శుభమా అని కొత్తగా మొదలెట్టుకుంటూ పాత చెమ్మ ఎందుకన్నాడు. చెప్పి టీ తేవడానికి వెళ్ళాడు.

బంపరు క్లిప్పులు ఊడదీసి, బోల్టులు విప్పి, వైరు పీకి, పాత లైటుని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి బల్ల మీద పెట్టింది. పారెయ్యొచ్చు. కానీ లోపలున్నది అక్క. ఇతన్ని చేసుకోమనో, వద్దనో, చెల్లెలికోసం ఒక్క మాటైనా దాచి ఉండదా?

మూత తీసి హీట్ గన్ పెట్టింది. కంప్రెసర్ జోలికి పోలేదు.

మొదటి బొట్టు కరిగింది.

"ఏసీ కాస్త తగ్గించండి. చలేస్తోంది."

అక్క గొంతే. రెండో బొట్టూ అదే అంది. ఆ తర్వాతదీ అదే. పెళ్ళయిన కొత్తలోని గొంతు, ఆస్పత్రుల చుట్టూ తిరిగిన రోజుల గొంతు, చివర్లో గాలందని గొంతు, అన్నిటిదీ ఒకటే మాట. తిట్టు లేదు, శాపనార్థం లేదు, చెల్లెలి ఊసే లేదు.

వెనక టీ గ్లాసులతో బావ నిలబడి ఉన్నాడు. విన్నాడు. మొహం చిన్నబోయింది.

"అడగందే అమ్మయినా పెట్టదంటారు," అన్నాడు. "అడిగుంటే తగ్గించేవాణ్ణి కదా."

అబద్ధం కాదు. అడిగుంటే తగ్గించేవాడే. అలాంటి మనిషి పక్కన అన్నేళ్ళు కూర్చుని అక్క ఆ ఒక్క ముక్క అడగలేకపోయింది. ఎందుకో లైట్లమ్మకి అంతుపట్టలేదు. పట్టాలంటే ఆ సీట్లో కూర్చోవాలి.

కూర్చుంది. కొత్త లైటు బిగించాక ఒక చుట్టు తిప్పి చూడాలి కదా. బావ తలుపు తీసి పట్టుకున్నాడు. దారంతా మర్యాదగానే మాట్లాడాడు. షెడ్డుకి కొత్త రేకులేయిస్తాడట. వంటిల్లు పెద్దది చేయిస్తాడట. ఆమె ఇంక చేతులకి గ్రీజు అంటించుకోనక్కర్లేదట, ఇంట్లో ఉంటే చాలట. నాకీ పనే ఇష్టం అందామనుకుంది. ఎక్కడా సందు దొరకలేదు. అసలీ పెళ్ళే వద్దు అందామనుకుంది. మాట నోటిదాకా వచ్చింది. ఆమె తల ఊపింది.

షెడ్డుకొచ్చి, కారు గోడకెదురుగా ఆపి, షట్టరు సగం దించొచ్చి లైట్లేశాడు. పక్క సీటు వైపు వెలుగులో మసక మచ్చ. లైట్లమ్మ దిగి వెళ్ళి వంగి చూసింది. ఇందాకే డబ్బాలోంచి తీసిన లైటు. లోపల ఓ మూల, ఆవగింజంత బొట్టు.

అందులో ఏముందో వినడానికి హీట్ గన్ అక్కర్లేదు.

"నాకు వద్దు బావా," అంది. "నేను నిన్ను చేసుకోను."

అద్దం తేటపడింది. వెలుగు కత్తితో కోసినట్టు గీత మీద పడింది.

బావ కోప్పడలేదు. కోప్పడే మనిషి కాదు. లైట్లు ఆర్పి, కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళతో తట్టాడు.

"అదేదో కార్లోనే చెప్పుండొచ్చుగా," అన్నాడు మెత్తగా. "సరే. వెళ్ళేటప్పుడు తాళాలు బల్ల మీద పెట్టెయ్. రేపట్నించి పనికి ఇంకెవర్నైనా చూసుకుంటాలే."

అని దిగి, చల్లారిన టీ పారబోసి వెళ్ళాడు. లైట్లమ్మ తన రెంచీలు ఏరుకుని సంచిలో వేసుకుంటుంటే అతని వైపు లైటు కళ్ళబడింది. తళతళలాడుతోంది. ఆ కారు కొన్నప్పట్నించీ ఆ వైపు ఒక్క బొట్టు చెమ్మ చేరలేదు.