ఎక్కడం మాత్రం కాళ్లతోనే

ఆరో అంతస్తు మలుపులో ఆగి, అతను జేబులోంచి పసుపుపచ్చ గుడ్డ తీసి ముందు మెట్ల ఇత్తడి కడ్డీ తుడిచాడు. ఆ తర్వాతే నుదురు తుడుచుకున్నాడు. పక్కన లిఫ్టు తలుపులు తెరుచుకుని మంచినీళ్ల సీసాతో భార్య దిగింది.

“కూర్చోండి. అంతస్తుకి పది నిమిషాలు.”

“ఐదు చాలే.”

“గుండె డాక్టరుగారికి మాటిచ్చింది మీరా, నేనా?”

మెట్టు మీద చతికిలబడ్డాడు. ఓడ సన్నగా కదులుతోంది. పైన ఇంకా ఐదంతస్తులున్నాయి.

ముప్ఫై రెండేళ్లు ఒక ఆఫీసుల భవనంలో లిఫ్టు నడిపాడు. అందరికీ లిఫ్టు బాబాయి. మనిషి పడుకోవడానికి కూడా చాలని పెట్టె, గుండ్రటి స్టూలు, ఎదురుగా తలుపు. ఎవరు ఎక్కడ దిగుతారో నోరు తెరవకముందే తెలుసు. ఎవరింట్లో పాప పుట్టిందో, ఎవరి ఉద్యోగం ఊడేలా ఉందో ముఖం చూసి చెప్పేవాడు. మేడ మీదికెళితే ఊరంతా కనిపిస్తుందని వాళ్లంతా అనేవారు. అతను మాత్రం ఒక్కసారీ వెళ్లలేదు. అతను దిగితే లిఫ్టు ఆగిపోతుంది మరి. ఈమధ్యే అక్కడ తనంతట తానే నడిచే లిఫ్టు వచ్చింది. ఆఫీసులవాళ్లు కలిసి, వీడ్కోలుగా భార్యాభర్తలిద్దర్నీ ఈ ఓడ ఎక్కించారు. నిన్న మధ్యాహ్నం ఎక్కారు, రేపు పొద్దున్నే దిగాలి.

నిన్న సాయంత్రమే పరువు పోయింది. సూర్యాస్తమయం చూద్దామని ఆమె ముందుగా పదకొండో అంతస్తుకెళ్లి కూర్చుంది. ‘ఇదిగో, వెనకే వస్తున్నా’ అని అతను లిఫ్టెక్కి, అలవాటుగా బొత్తాల పక్కన నిలబడ్డాడు. ఎవరో ఏడన్నారు, నొక్కాడు. ఇంకెవరో మూడన్నారు. పిల్లల్ని తలుపుకి దూరంగా నిలబెట్టాడు, కర్ర పట్టుకున్న పెద్దావిడ కోసం తలుపు ఆపాడు. గంటన్నర సేపు సగం ఓడని ఎక్కించి దించాడు. ఒళ్లు తెలిసి తను దిగేసరికి పైన చీకటి.

ఆమె తిట్టినా బాగుండేది. “ఇన్నేళ్లూ ఎదురుచూస్తూనే ఉన్నాను. ఇక్కడ కూడానా?” అంది.

పొద్దున్నే తేల్చి చెప్పాడు. “లిఫ్టులో నన్ను నేను నమ్మను. ఎక్కడం మాత్రం కాళ్లతోనే. ఇవాళ సూర్యుడు దిగేలోగా నీ పక్కనుంటాను, చూడు.”

ఏడు. ఎనిమిది. ప్రతి మలుపులోనూ అతనికంటే ముందే ఆమె, ఆ సీసా. తొమ్మిది దగ్గర అతని పెదాలు పాలిపోయాయి.

“ఈ రెండూ నాతో వచ్చేయండి. మీరు కళ్లు మూసుకోండి, నేను నొక్కుతాను.”

“తొమ్మిదెక్కి రెండింటికి లొంగిపోనా? పదవే.”

పదకొండో అంతస్తు తలుపు భుజంతో నెట్టాడు. గాలి ఒక్కసారిగా మీద పడింది. గోడలు లేవు. ఎటు చూసినా నీళ్లు, చివర ఎర్రగా సూర్యుడు. లిఫ్టులో ముందే చేరిన ఆమె పక్కకొచ్చి నిలబడింది.

“టీ తెస్తాను,” అంది ఆమె.

“తొందరగా రా. ఈసారి ఎదురుచూసేది నేను.”

అంచున రెండు కుర్చీలున్నాయి. ఒకదానిలో కూర్చుని, పక్కదాని చేతికి పసుపుపచ్చ గుడ్డ గట్టిగా ముడివేశాడు. ఎవరో వచ్చి ఖాళీయేనా అని అడిగారు.

“లేదండీ, మా ఆవిడ వస్తోంది,” అన్నాడు గర్వంగా.

ఆమె వచ్చింది. కూర్చుంది. కప్పు అందుకుంటూ, “ఎంత వెడల్పే ఇది!” అన్నాడు. సూర్యుడు సగం మునిగి, తర్వాత గోరంతయి, పోయాడు. ఆమె సంతోషంగా అతని వైపు తిరిగింది. కప్పు ఒళ్లోకి ఒరిగి ఉంది. టీ చొక్కా తడిపినా అతను కదల్లేదు.

ఓడ డాక్టరు, ఇద్దరు మనుషులు స్ట్రెచర్‌తో వచ్చారు. లిఫ్టు ముందు ఆమె ఒక్క క్షణం ఆగి, అతని ముఖం మీదికి దుప్పటి సర్దింది. కన్నీళ్లు ఆగడం లేదు.

“దిగడానికి పరవాలేదులెండి,” అంది భర్తతో. “మీరు పట్టుపట్టింది ఎక్కడానికే.”

లోపలికి వెళ్లి బొత్తాల పక్కన నిలబడింది.

“ఎన్నో అంతస్తండీ?”

“ఒకటమ్మా,” అన్నాడు డాక్టరు. నొక్కింది.

పైన కుర్చీ చేతికి కట్టిన పసుపుపచ్చ గుడ్డ, గాలి ఎంత లాగినా ఊడకుండా, ఆమె చోటు పట్టి ఉంచింది.