బేసి గదిలో బరువు

నేను తూకం యంత్రాలు అమ్ముతాను. వాటిలో నడిచే ప్రోగ్రాం రాసేది నా మరదలు. పాత చిప్ తయారీ ఆగిపోవడంతో, పన్నెండేళ్లుగా నాకు సరుకిస్తున్న పెద్దాయన దగ్గర నుంచి కొత్త రకం తెప్పించాను. అదే ప్రోగ్రాం ఎక్కించి పళ్ళెంలో ఐదు కిలోల బరువు పెట్టగానే యంత్రం బిగుసుకుపోయింది.

నా లెక్క ప్రకారం చిప్ నాసిరకం. ఇక ఆయనతో తెగతెంపులే అనుకుని ఫోను తీశాను.

"ఆగు బావా, చిప్ మంచిదే. తప్పు నాది," అంది మరదలు.

తెర మీద చూపించింది. మెమరీ అంటే వరుసగా అంకెలు వేసిన గదులట. అందులో సున్నా గదిలో ఒక గుర్తు ఉంది. వెంటనే ఒకటో గదిలో మొదలై నాలుగు గదుల్లో బరువు ఉంది. పాత చిప్ ఎక్కడ మొదలైనా చదివేది. కొత్తది ఒక్కో గదినీ విడిగా ఎక్కడున్నా చదువుతుంది కానీ, నాలుగూ కలిపి ఒకేసారి చదవాలంటే సున్నా, నాలుగు, ఎనిమిది, అలాంటి గదిలో మొదలవ్వాలి. లేదంటే మొరాయిస్తుంది.

"అన్ని చిప్‌లూ పాతదానిలాగే ఉంటాయనుకున్నాను బావా."

"పాతది నాలాగా సర్దుకుపోయేదన్నమాట. ఇది అచ్చం మీ అక్క!"

"అక్కని పిలవనా?"

నేను గబుక్కున తెర వైపు తిరిగాను. ఆమె ఆ నాలుగు గదుల్లో ఉన్నదాన్ని ఒక్కొక్కటిగా సరైన చోటికి నకలు చేసి, అక్కడి నుంచి చదివించింది. పాత యంత్రం, కొత్త యంత్రం రెండూ ఐదు కిలోలే చూపించాయి.

ఆమె తన తప్పు చిప్ మీదికి నెట్టి ఉంటే నేను నమ్మేవాణ్ణే. ఆమె నిజాయితీ వల్ల నాకు పెద్దాయన మిగిలాడు. ఆమెకు చేతులు జోడించి, ఆయనకు ఫోను చేసి, పన్నెండేళ్లలో మొదటిసారి సరుకు బాగుందన్నాను.

"ఇది చెప్పడానికి ఫోను చేశావా? ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడాయన.