తూర్పు హద్దు

మనిషిని ఇంట్లోంచి పంపేయడానికి కోర్టు కాగితాల్లో మాటలకు కరువు లేదు. ఖాళీ చేయించుట, తొలగించుట, బేదఖలు, స్వాధీనపరచుట. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ మాటలు సంచిలో మోసుకు తిరుగుతూ వారంటులు అమలుచేసే కోర్టు అమీనాకు మోకాళ్లు అరిగాయి గానీ, ఆ పంపేసిన మనిషి ఎక్కడికి పోవాలో ఏ వారంటులోనూ కనబడలేదు. విసుగు కూడా అలవాటైపోయింది.

ఆ పొద్దున తెచ్చిన వారంటు దర్జీ ఆవిడ ఇంటిది. భర్త పోయాడు. ముందుగదిలో కుట్టుమిషను, వెనకగదిలో చూపులేని అత్తగారు. ఇల్లంతా ఆ ముసలావిడ చేతివేళ్లకు తెలుసు. మంచం నుంచి గోడ, గోడ నుంచి గడప, ఎక్కడా తడబడదు. కొత్తచోట పడేస్తే అడుగు తీసి అడుగు వెయ్యలేదు. కోడలి బెంగంతా అదే.

మూడు నెలల కిందట అమీనా ఇదే పని మీద వచ్చాడు. లోపల కాలు పెట్టే ముందు వారంటులోని నాలుగు హద్దులూ సరిచూసుకోవడం పద్ధతి. తూర్పున రొట్టెల బట్టీ అని రాసి ఉంది. చూస్తే గోడ పక్కన సందు ఉంది, బట్టీ సందు అవతల. ఒక్క హద్దు తేడా వచ్చినా ఇల్లు ఖాళీ చేయించడానికి వీల్లేదు. అమీనాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వారంటు వెనక్కి పంపేశాడు. ఆవిడ దణ్ణం పెట్టబోతే వద్దని మొహమాటపడ్డాడు గానీ, ఆ రోజంతా లోలోపల మురిసిపోయాడు.

ఇవాళ గుమ్మం ముందు ఇంటి యజమాని గుమాస్తా, ఇద్దరు కూలీలు నిలబడి ఉన్నారు. అమీనా కొత్త వారంటు విప్పాడు. ఉత్తరం క్షౌరశాల గోడ, సరే. దక్షిణం వీధి, సరే. పడమర బడి ప్రహరీ, సరే. తూర్పు: "నాలుగడుగుల సందు, దానికి ఆవల రొట్టెల బట్టీ."

ఎక్కడో చదివినట్టుందే అనుకున్నాడు. రెండోసారి చదివేసరికి తెలిసింది. ఆ మాటలు తనవే. వారంటు తిప్పి పంపేటప్పుడు హద్దు కలవలేదు అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఆఫీసులో అందరూ అంతే రాస్తారు. ఈయనకు చాదస్తం. సందును టేపు పెట్టి కొలిచి, ఉన్నది ఉన్నట్టు గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాడు. యజమాని వకీలు దాన్ని కొత్త అర్జీలో పొల్లుపోకుండా దించుకున్నాడు. ఆ రాత లేకపోతే వాళ్లు సర్వేకు ఆర్డరు తెచ్చుకోవాల్సి వచ్చేది, ఏడాది తిరిగేది. ఈలోగా ముసలావిడ ఈ గోడల మధ్యే కన్ను మూసేదేమో. మంచి చేశానని మురిసిన తన మీద తనకే రోత పుట్టింది.

దర్జీ ఆవిడ కుట్టు ఆపి బయటికొచ్చింది. ఇంట్లో ఒక్క మూటా కట్టి లేదు.

"సందు సంగతి వాళ్లకెవరు చెప్పారు, అన్నయ్యగారూ?"

గుమాస్తా నవ్వాపుకున్నాడు. అమీనా తల దించుకున్నాడు.

"నేనేనమ్మా. కొలిచి రాసిచ్చింది నేనే."

ఆవిడ మెడలో వేలాడుతున్న కొలత టేపు తీసి వేలికి చుట్టసాగింది. తిట్టినా బాగుండేది.

"మీరొస్తున్నారంటే ఈసారీ వెనక్కి పంపిస్తారనుకున్నా. ఇల్లు వదలాలని అత్తయ్యకు చెప్పనేలేదు. మీరే చెప్పండి."

వెనకగదిలో ముసలావిడ మంచం మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకి మొహం ఇటు తిప్పింది.

"కోర్టు బాబువేనా? మళ్లీ తప్పు దొరికిందా, నాయనా?"

"లేదు పెద్దమ్మా. ఈసారి అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

ముసలావిడ మంచం దిగి, గోడ తడుముకుంటూ ఎవరి సాయమూ లేకుండా వీధి గడప దాకా వచ్చింది. అక్కడ ఆగి, ఖాళీ చెయ్యి గాలిలోకి చాచింది.

"ఇక్కణ్ణుంచి నాకు తెలీదు," అంది. "ఎటో నువ్వే చెప్పు."