సమాచారం ఇచ్చినవారు: భర్త

మాడిపోయిన పాలగిన్నె అడుగు గీకుతుంటే హాల్లోంచి భర్త పిలిచాడు. పేరు పెట్టే పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"ఏంటండీ?"

అతను పేపర్లోంచి తలెత్తాడు. "ఏంటి?"

"పిలిచారుగా."

"నేనా? లేదే." తల్లివైపు తిరిగాడు. "అమ్మా, నేను పిలిచానా?"

అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. "పాపం, మళ్ళీ వచ్చిందిరా," అంది. ఆ మాట కోడలితో కాదు, కొడుకుతో. ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా బాగుండేది. ఒంట్లో బాగాలేనివాళ్ళ మంచం పక్కన మాట్లాడే గొంతు అది.

ఇది ఇవాళ కొత్త కాదు. మూడేళ్ళుగా నడుస్తున్నదే. మొదట్లో ఆమె నవ్వేసేది. తర్వాత వాదించేది. ఆ తర్వాత పిలుపు వినబడినా వెళ్ళడం మానేసి చూసింది. అప్పుడు అతనే వంటింట్లోకి వచ్చి, "పిలుస్తుంటే వినపడటం లేదా?" అని మెల్లగా అడిగి, ఆమె ముఖంలోకి చాలాసేపు చూసి వెళ్ళిపోయేవాడు. వెళ్తే పిలవలేదంటారు, వెళ్ళకపోతే పిలిచామంటారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

తమాషా ఏమిటంటే, ఆమె ఉద్యోగమే జనానికి ఏం వినపడుతుందో తేల్చడం. చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేస్తుంది. చప్పుడు చొరబడని చిన్న గది, దానికో గాజు కిటికీ. లోపల కూర్చున్నవాళ్ళ చెవుల్లోకి సన్నని మోతలు పంపుతుంది. వినపడితే వాళ్ళు మీట నొక్కాలి. వినపడకపోయినా నొక్కేవాళ్ళుంటారు, వినపడినా ఊరుకునేవాళ్ళుంటారు. ఇద్దరినీ ఇట్టే పట్టేస్తుంది. పరీక్షలన్నీ తనే చేసి, ఫలితాలన్నీ తనే రాస్తే డాక్టరు చూడకుండా సంతకం గీకేస్తాడు. ఆయన స్నేహితులొస్తే మాత్రం, "అమ్మా, టీ నువ్వే పెట్టు, నీ చేతి టీ అంటే వీళ్ళు చెవి కోసుకుంటారు," అని తన జోకుకి తనే నవ్వుతాడు. ఒకరోజు రోగులందరూ వెళ్ళాక ఆమె తనే ఆ గదిలో కూర్చుని, రిసెప్షన్‌లో ఉండే అమ్మాయిని మీటలు నొక్కమంది. "మేడం, మీవి పాముచెవులు!" అంది ఆ అమ్మాయి ఫలితం చూసి. ఆమెకి సంతోషం కలగలేదు. చెవులు బాగానే ఉన్నాయంటే చెడిపోయింది ఇంకేదో అన్నమాట.

మిగతావి కూడా అలాగే ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆర్పిన స్టవ్వు వెలుగుతూ కనబడేది. "ఆర్పానన్నావు కదా?" అనేవాడు అతను, మంట తగ్గిస్తూ. బట్టలు ఆరేసి ఓ నిమిషం కిటికీ దగ్గర ఊపిరి పీల్చుకుంటే, "ఎంతసేపటి నుంచి నిలబడ్డావు అక్కడ?" అనేవాడు. పొద్దున్నే అత్తగారు కాఫీ తాగుతూ, "నిద్రలో నవ్వుతున్నావమ్మాయ్, నాకు భయమేసింది," అనేది. ఇంటి పని, ఉద్యోగం, పిల్ల చదువు మధ్య నలిగే మనిషికి తన నవ్వు తను నవ్విందో లేదో తేల్చుకునే తీరికెక్కడిది?

ఆ సాయంత్రం మాత్రం ఒకటి కొత్తగా జరిగింది. బల్ల దగ్గర హోంవర్కు చేసుకుంటున్న కూతురు తలెత్తకుండానే, "పిలిచావుగా నాన్నా, నేనూ విన్నాను," అంది.

అత్తగారి చేతిలో బఠాణీకాయ ఆగిపోయింది. "నువ్వు కూడా మొదలెట్టావా?"

అతను లేచి వెళ్ళి పిల్ల తల నిమిరాడు. "లేదు బంగారం. నువ్వేం వినలేదు."

ఎనిమిదేళ్ళ పిల్ల తండ్రిని చూసింది, నాయనమ్మను చూసింది, గుమ్మంలో ఉన్న తల్లిని చూసింది. "వినలేదు," అంది. తర్వాత పెన్సిలు కిందపెట్టి తన చెవిని రెండు వేళ్ళతో పట్టుకుని చూసుకుంది.

ఆమె పిల్ల దగ్గరికి వెళ్ళి ఆ చేతిని మెల్లగా దించింది. తన సంగతి సరే. ఇది పిల్లదాకా పాకుతుందా? ఇది రక్తంలో వచ్చేదేనా?

మర్నాడు క్లినిక్ నుంచి మేనత్తకు ఫోన్ చేసింది. తండ్రి నిరుడే కన్నుమూశాడు. పుట్టింటివైపు అడగడానికి మిగిలింది మేనత్త ఒక్కతే. అమ్మకేమన్నా ఇలాంటి జబ్బుండేదా అని అడిగింది.

"మీ అమ్మ జ్వరంతో పోలేదే," అంది మేనత్త. "జ్వరమూ లేదు, గిరమూ లేదు. నీకు నాలుగేళ్ళప్పుడు మా అన్నయ్య పిచ్చాసుపత్రిలో చేర్పించాడు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ఇప్పుడాయనే లేడు, ఒట్టుదేముంది."

సర్కారు దగ్గరున్న కాగితాలు అడిగి చూసుకునే హక్కు జనానికి ఉందని, అందుకో చట్టం ఉందని ఆమెకు తెలుసు. చెవిటివాళ్ళ సర్టిఫికెట్ల కోసం తిరిగేవాళ్ళు క్లినిక్‌లో ఆ మాటే చెప్పుకునేవారు. పోయినవాళ్ళ ఆసుపత్రి ఫైలు రక్తసంబంధీకులు అడిగితే ఇవ్వాల్సిందేనట. శుక్రవారం సెలవు పెట్టింది. ఇంట్లో చెప్పలేదు.

ఆసుపత్రి రికార్డుల గది ఒకప్పుడు ఆడవాళ్ళ వార్డు. మంచాలు తీసేసి అరలు పెట్టారు గానీ గోడమీద మంచాల అంకెలు అలాగే ఉన్నాయి. ఒక్కో అంకె కింద ఒక్కో వరస ఫైళ్ళు పడుకున్నట్టున్నాయి. కిటికీలు మనిషికి అందనంత ఎత్తున ఉన్నాయి. శాలువా కప్పుకున్న ఉద్యోగిని ఒకావిడ దరఖాస్తు తీసుకుని, కంప్యూటర్లో ఏదో కొట్టి, కళ్ళజోడు పైనుంచి చూసింది.

"ఈ ఫైలు కాపీ మీరు ఇదివరకే తీసుకున్నారు కదమ్మా."

"నేనా? నేనిక్కడికి రావడం ఇదే మొదలు."

"మూడేళ్ళయింది. ఇదిగో మీ దరఖాస్తు. మీ సంతకమేనా?"

ఆమెదే. చివరి అక్షరానికి తోకలా లాగే గీతతో సహా ఆమెదే. వచ్చానా? ఈ గదికి వచ్చి, అమ్మ ఫైలు చదివి, ఇంటికి వెళ్ళి వంట చేసి, అన్నీ మరిచిపోయానా? అయితే వాళ్ళు చెప్పేది నిజమేనా? బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఈ గది గుర్తుందా, ఈ వాసన గుర్తుందా అని తనని తనే అడుక్కుంది. ఏదీ గుర్తులేదు.

"ఇదిగో, మీవారు వచ్చి తీసుకున్నారులెండి," అంది ఉద్యోగిని కాగితం తిప్పి. "మీ తరఫున. కింద ఆయన సంతకం ఉంది చూడండి."

అప్పుడు గుర్తొచ్చింది. గది కాదు, ఆ రోజులు. మూడేళ్ళ కిందట, ఇక ఈ కాపురం నావల్ల కాదని పిల్లను తీసుకుని తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది. భర్త వెనకే వచ్చాడు. "కోర్టుకెక్కితే పిల్ల నాకే వస్తుంది, చూస్తూ ఉండు," అని గుమ్మంలోనే అరిచాడు. తర్వాత మామా అల్లుడూ తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ మాటలకు టీ పెట్టి ఇచ్చింది కూడా ఆమే. బయటికొచ్చేసరికి అతను వెన్నలా మారిపోయాడు. "నీకు బాగోలేదని నాకు తెలియలేదు. తప్పు నాదే. పద, ఇంటికెళ్దాం," అన్నాడు. మనసు బాగోలేదని అంటున్నాడనుకుంది పిచ్చిది. మరో వారానికి, ఆమె మోచేతులదాకా సబ్బు నురగలో ఉండగా, "పాప స్కూలుకి ఇవ్వాలి, ఇక్కడ సంతకం పెట్టు," అని కాగితం చాపాడు. చదవడానికి చెయ్యి ఖాళీ ఏదీ?

ఉద్యోగిని ఫైలు తెచ్చి ముందుంచింది. మొదటి పేజీలో, 'సమాచారం ఇచ్చినవారు: భర్త' అని ఉంది. ఆ కింద తండ్రి చెప్పిన మాటలు.

'ఎవరూ పిలవకపోయినా పిలిచారంటూ వస్తుంది. పొయ్యి ఆర్పానని చెప్పి ఆర్పదు. కిటికీ దగ్గర గంటలకొద్దీ నిలబడుతుంది. నిద్రలో నవ్వుతుంది. బిడ్డకు హాని చేస్తుందేమోనని భయంగా ఉంది.'

ఆమె మళ్ళీ చదివింది. వరస కూడా అదే. పిలుపు, పొయ్యి, కిటికీ, నవ్వు. తన భర్త ఒక్కటి కూడా సొంతంగా కల్పించలేదు. పాఠం ముందు పెట్టుకుని అప్పజెప్పినట్టు మూడేళ్ళు అప్పజెప్పాడు. చివరి వాక్యం ఒక్కటే ఇంకా ఇంట్లో ఎవరూ పలకలేదు.

తర్వాతి పేజీల్లో నర్సు రాతలు. 'మాట సవ్యంగా ఉంది. నిద్ర బాగుంది. నా పాప తిన్నదా అని రోజూ అడుగుతోంది.' డాక్టరు రాత: 'ఇంటికి పంపవచ్చు. భర్తకు కబురు చేశాం. రాలేదు.' మళ్ళీ మరో ఏడాది అదే మాట, వేరే సిరాతో. మళ్ళీ అదే. అలా తిప్పుకుంటూ పోతే చిట్టచివర మరణం తేదీ. ఆమె పెళ్ళయిన రెండేళ్ళకి. అంటే పెళ్ళికూతురిగా తండ్రి పక్కన నిలబడి, చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న పిల్లని అందరూ జాలిపడుతుంటే తలొంచుకున్న ఆ పూట, అమ్మ ఈ గదిలో ఏదో ఒక అంకె కింద కూర్చుని ఉంది.

ఆమె ఫైలు మూసింది. ఎందుకు అడగాలనిపించిందో తెలియదు గానీ అడిగింది.

"నా పేరు మీద ఏమన్నా ఉందా?"

"దరఖాస్తులా?"

"ఫైలు."

ఉద్యోగిని ఆమె వంక ఓసారి చూసి మీటలు నొక్కింది. వేళ్ళు ఆగాయి. "ఉంది," అంది మెల్లగా. లోపలి గదిలోకి వెళ్ళి, ఇంకా దుమ్ము పట్టని సన్నని ఫైలు తెచ్చింది.

సమాచారం ఇచ్చినవారు: భర్త. సాక్షి: అత్తగారు. పిలుపు, పొయ్యి, కిటికీ, నవ్వు. బిడ్డకు హాని చేస్తుందేమోనని భయంగా ఉంది. ఆ చివరి వాక్యం ఇక్కడ పలికాడు. కింద డాక్టరు రాత: 'రోగిని స్వయంగా చూడాలి. సోమవారం తీసుకొస్తామన్నారు.'

మొన్న రాత్రి అన్నం తింటూ అతను అన్నాడు, "సోమవారం సెలవు పెట్టు, సరదాగా బయటికి వెళ్దాం. పాప మా అమ్మ దగ్గర ఉంటుందిలే." ఎంతకాలానికి అడిగాడో అని, ఆమె సరేనంది.

"అమ్మా, కాసిని నీళ్ళు తాగండి," అంది ఉద్యోగిని. "ఇంటికెళ్ళి గొడవ మాత్రం పెట్టుకోకండి."

"పెట్టను. అరిస్తే అది కూడా ఇందులో రాయిస్తారు." తన గొంతు తనకే స్పష్టంగా, నిలకడగా వినబడింది. "చట్టం ప్రకారం నేనేం అడగొచ్చో చెప్పండి."

ఉద్యోగిని చెప్పింది. ఎవరి ఫైలు వాళ్ళు చూసుకోవచ్చు. కాపీ తీసుకోవచ్చు. ఎవరు ఎప్పుడు అడిగారో ఆ దరఖాస్తు కాపీ కూడా తీసుకోవచ్చు. ఉన్నదాన్ని చింపడానికి, కొట్టెయ్యడానికి వీల్లేదు గానీ, తప్పుందని తన మాట రాసి జతపరచవచ్చు. అది ఫైలున్నంతకాలం ఫైలుతోపాటే ఉంటుంది.

"ఇక మీదట నా సంతకం తెచ్చి చూపించినా ఎవరికీ ఇవ్వొద్దు. నేనే మనిషిని వచ్చి అడిగితేనే ఇవ్వండి. అలా రాసుకోవచ్చా?"

"రాసుకోవచ్చు."

అమ్మ ఫైలు, తన ఫైలు, మధ్యలో భర్త తీసుకెళ్ళిన దరఖాస్తు. మూడింటి కాపీలకూ ముద్ర వేయించుకుంది. పక్కపక్కన పెడితే ఏ వకీలుకైనా, ఏ జడ్జికైనా విడమరిచి చెప్పక్కర్లేదు. వరండాలోకి వెళ్ళి స్కూలుకి ఫోన్ చేసి, పాపను తను తప్ప ఎవరొచ్చినా పంపొద్దంది. మేనత్తకు ఫోన్ చేసి, "రాత్రికి ఇద్దరం వస్తున్నాం. మీ ఇంట్లో ఉంటాం," అంది. "ఎన్నాళ్ళే?" అనలేదు మేనత్త. "గది ఊడుస్తాను," అంది.

తిరిగొచ్చి, ఎత్తైన కిటికీ కింద బల్ల దగ్గర కూర్చుని తెల్లకాగితం అడిగింది. జీవితంలో ఎవరూ తొందరపెట్టకుండా కూర్చుని రాసిన మొదటి కాగితం అదేనేమో. ఉద్యోగిని తన పని తను చేసుకుంటూ ఊరుకుంది. ఆమె కలం పట్టుకుని కాసేపు ఆలోచించి, తోకగీత లేకుండా, గుండ్రని అక్షరాలతో రాసింది:

'పైన నా గురించి ఉన్న మాటలు నా గురించి చెప్పినవి కావు. ఇవి మా అమ్మ గురించి మా నాన్న చెప్పినవి. మా అమ్మ కూడా అలాంటిది కాదు.'