రెండుసార్లు చచ్చిన గంటపిట్ట

ఇలా రా. ఆ తలుపు దగ్గరగా వేసి, నా పక్కకు జరిగి కూర్చో. ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు. పిట్ట గురించిన కథే గానీ, విని నవ్వుకుని నిద్రపోయే కథ కూడా కాదు. వింటానంటే చివరిదాకా వినాలి, మధ్యలో లేచి వెళ్లకూడదు.

ఒక పేపరాఫీసులో ఒకావిడ పనిచేసేది. సైన్సు విలేకరి. అంటే దొంగతనాలూ ఎన్నికలూ ఆమెకు పట్టవు. చీమ దారి ఎలా గుర్తుపెట్టుకుంటుంది, తాబేలు అన్నేళ్లు ఎందుకు బతుకుతుంది, గబ్బిలం చీకట్లో గోడకు ఎందుకు కొట్టుకోదు, ఇలాంటివి రాసేది. వారానికో పేజీ ఆమెది. ఆఫీసులో అందరూ ఆమెను పిట్టలమ్మ అనేవాళ్లు. మొదట్లో ఎగతాళికే అన్నారు. జుట్టు నెరిసేసరికి అదే పేరైపోయింది.

పిట్టలమ్మకు పెళ్లీ పిల్లలూ లేరు. ఉన్నదల్లా ఒక అక్క, ఒక బావ. బావ జూలో పక్షులకు మేత పెట్టే మనిషి. జూ వెనక క్వార్టర్సులో ఉండేవాళ్లు. సెలవు దొరికితే ఈవిడ అక్కడికే పోయేది. అక్క కోసం కొంత, బావతో వాదులాట కోసం కొంత, అసలు సంగతి మాత్రం గంటపిట్ట కోసం.

గంటపిట్టంటే పావురం కన్నా కాస్త పెద్దది. బూడిదరంగు ఒళ్లు, మెడ చుట్టూ నారింజరంగు పట్టీ. పొద్దుటి ఎండ ఒంటిమీద పడితే చాలు, ఇత్తడిగిన్నె అంచుమీద చెంచాతో ఒక్కసారి కొట్టినట్టు కూసేది. ఒక్కటే కూత. ఆ కూత ఆగాక కూడా కాసేపు గాలిలో ఉండేది. అవి ఉండే అడవి ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. పట్టి తెచ్చినవి జూలో ఒకదాని వెనక ఒకటి పోయాయి. చివరికి ఒక్కటే మిగిలింది. లోకం మొత్తం మీద అదొక్కటే. ఒక కంట్లో పొర వచ్చి, కాళ్లు వంకరపోయి, పండు నలిపి పెడితే తప్ప తినలేని ముసలి పిట్ట. బావ దాన్ని తాతా అని పిలిచేవాడు.

పేపరువాళ్లకు ఒక అలవాటుంది, తెలుసా. ఎవరైనా పెద్దమనిషి మంచాన పడ్డాడని తెలిస్తే, ఆయన పోకముందే సంతాపం రాసి పెట్టుకుంటారు. తేదీ ఒక్కటే ఖాళీగా ఉంచుతారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఇది దానికి తిరగేసిన వ్యవహారం. పిట్టలమ్మ తాతకు కూడా అలాగే రాసి పెట్టింది.

తప్పేం కాదు, పనిలో అదొక పద్ధతి. కానీ ఆ వ్యాసం ఆమెను పట్టుకుంది. రోజూ తీసి ఒక మాట మార్చేది, ఒక వాక్యం దువ్వేది. 'ప్రకృతికి ఆకలి ఉంది, కసి లేదు' అని ఒకచోట రాసుకుంది. జన్మంతా రాసినదాంట్లో అదే మంచి వాక్యమని ఆమెకు తెలుసు. చివర్లో 'తన గూట్లో, పొద్దుటి ఎండలో, ప్రశాంతంగా కన్నుమూసింది' అని రాసింది. అలాగే పోవాలని ఆమె కోరిక. అంతా బాగానే ఉంది. ముస్తాబు చేసిన పెళ్లికూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టుకున్న తల్లికి నిద్ర పడుతుందా? ఆవిడకీ పట్టలేదు.

ఎడిటరు ఆవిడ బల్ల దగ్గర ఆగినప్పుడల్లా అడిగేవాడు.

"ఏమ్మా, మీ తాతగారు ఇంకా ఉన్నారా?"

"ఉన్నారు సార్."

"గట్టి పిండమే. నీ పేజీ కన్నా ఆయనే ఎక్కువకాలం ఉండేట్టున్నాడు."

నవ్వుతూ అన్నా అది నవ్వులాట కాదు. పిట్టల పేజీ ఎవరూ చదవడం లేదని, దాని బదులు వంటల పేజీ వేద్దామని పైన మాట నడుస్తోంది. పేజీ పోతే ఆమె ఉద్యోగమూ పోతుంది. అంతకన్నా ముందు, ఆ వ్యాసం ఎవరూ చదవకుండానే పోతుంది. అప్పటినుంచి జూకు వెళ్లినప్పుడు పిట్టను చూసే చూపు మారింది. మునుపు ఎలా ఉన్నావురా అన్నట్టు చూసేది. ఇప్పుడు ఇంకా ఎన్నాళ్లు అన్నట్టు చూస్తోంది. బావ కనిపెట్టాడు.

"ఏం మరదలా, నువ్వు రాసేదాకా పిట్టలు చావకూడదు, రాశాక బతక్కూడదు. అంతేనా?"

"నోరు మంచిది కాదు బావా నీది."

"నా నోటికేం, పండు నలిపి పెట్టే చెయ్యి మంచిదైతే చాలు."

వాన ముసురు పట్టిన ఒక రోజు తాత మేత ముట్టలేదు. రెక్కలు వేలాడేసి గూట్లో ఒక మూలకు పడిపోయింది. జూ డాక్టరు చూసి, తెల్లారదు అన్నాడు. ఆ మాట బావ ఫోన్లో చెప్పాడు. అప్పటికి పొద్దు వాలుతోంది, పిట్టలమ్మ ఆఫీసులో ఉంది. కాసేపట్లో పేజీలు అచ్చుకు పోవాలి. ఈ రోజు దాటితే రేపు ఇంకో పేపరువాళ్లు ముందు వేస్తారు.

ఎడిటరు వచ్చి నిలబడ్డాడు. "పోయిందా?"

"పోతుందట సార్."

"పోయిందా పోతుందా అమ్మా? రెంటికీ చాలా తేడా ఉంది."

"కనుక్కుంటాను."

ఫోను చేతిలోకి తీసుకుంది. ఆ పనిలో ఒకటే నియమం, అచ్చుకు ఇచ్చేముందు ఫోన్ చేసి అడగాలి. ఆమె వేలు బావ నంబరు మీద ఉంది. అడిగితే, ఇంకా ఊపిరుందే అంటాడు. అన్నాడంటే వ్యాసం ఆగుతుంది. అడక్కపోతే తెలియదు. తెలియనిది అబద్ధం కాదు కదా అనుకుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, ఫోను బల్లమీద బోర్లించింది. ఖాళీలో ఆ రోజు తేదీ వేసింది.

"పోయింది సార్," అంది.

తెల్లారేసరికి ముసురు విడిచి ఎండ కాసింది. ఊరు ఊరంతా ఆ వ్యాసమే చదివింది. మైకుల్లో చదివారు, బళ్లలో పిల్లలచేత చదివించారు. అదే పొద్దున బావ ఫోన్ చేశాడు.

"మరదలా, పేపర్లో మా తాత పోయాడట. ఇక్కడేమో అరటిపండు తింటున్నాడు. ఏం చెయ్యమంటావు, తినొద్దని చెప్పనా?"

ఆమె పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి జూ గేటు ముందు జనం. చేతుల్లో పూలు, కొవ్వొత్తులు. పిల్లలు ఏడుస్తున్నారు. ఏనుగు చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే అంటారు. మన పిట్టకు ఆ అదృష్టం లేదు. బతికున్నన్నాళ్లూ దాని గూడు ముందు నిలబడ్డవాళ్లు లేరు. జూ డైరెక్టరు కిటికీలోంచి ఆ జనాన్ని చూశాడు. ఆయనకు అంత జనం కనిపించి ఎన్నాళ్లయిందో.

"ఎలాగూ రేపోమాపో పోయేదే. ఇప్పుడు బతికే ఉందిలెండి అంటే నువ్వూ నేనూ ఇద్దరం నవ్వులపాలవుతాం. ఈ నాలుగు రోజులూ లోపల పెట్టండి," అన్నాడు.

 బావ పిట్టలమ్మ మొహంకేసి చూసి, ఏమీ వినిపించకపోయేసరికి పంజరం ఎత్తుకుని మేతగది వెనక సామానుగదిలో పెట్టాడు. ఎండ తగిలితే కూస్తుంది, కూస్తే బయటపడుతుంది. అందుకని కిటికీకి నల్లగుడ్డ కట్టించారు.

రేపోమాపో అన్న పిట్ట చావలేదు. నాలుగు రోజులు పోయి నెలలు వచ్చాయి. బయట ఖాళీ గూటికి రాతిపలక పెట్టారు, దానిమీద ఆమె వాక్యమే చెక్కించారు. పేజీ ఒకటి కాస్తా రెండయింది. ఎడిటరు ఆమెకు కొత్త కుర్చీ వేయించాడు. ఒక సభలో శాలువా కప్పారు. బావ చూసినప్పుడల్లా ఒకటే మాట.

"ఎప్పుడు చెప్తావు?"

"ఈ సభ అయిపోనీ బావా."

"ఆ సభ అయింది."

"వచ్చేవారం తప్పకుండా."

అక్క ఊరుకునే మనిషి కాదు. అన్నం వడ్డిస్తూనే దెప్పేది. "బతికున్నవాడికి పాడె కట్టేశావు సరే, కనీసం వాడికి ఎండైనా తగలనివ్వవే. నీ సన్మానాలకు వాడు చీకట్లో కూర్చోవాలా?"

 అడకత్తెరలో పోకచెక్కలా అయింది పిట్టలమ్మ బతుకు. నిజం చెప్తే పేజీ పోతుంది, చెప్పకపోతే పిట్ట పోతుంది. రోజుకోసారి పిట్టవైపు, రోజుకోసారి పేజీవైపు మొగ్గేది.

ఒకరోజు ఆమే పండు నలిపి తీసుకెళ్లింది. చీకటిగది. తలుపు కిందనుంచి సన్నటి ఎండచార ఒకటి లోపలికి పడుతోంది. తాత పంజరం అడుక్కు దిగి, ఊచల్లోంచి మెడ బయటికి చాచి, ఆ చారవైపు నోరు తెరిచి ఉంది. తెరిచి ఉందంతే, కూత రావడం లేదు. ఈకలు సగం రాలిపోయాయి. ఆమె వచ్చినా తిరగలేదు, పండు వాసనకూ తిరగలేదు. పిట్టలమ్మ చేతిలోని గిన్నె కింద పెట్టి, తిన్నగా ఆఫీసుకు నడిచింది.

'గంటపిట్ట బతికే ఉంది. తప్పు నాది' అని రాసి ఎడిటరు ముందు పెట్టింది.

"ఇది వేస్తే నీ పేజీ ఉండదమ్మా."

"తెలుసు సార్."

"నువ్వూ ఉండవు."

"అదీ తెలుసు."

కథ ఇక్కడ ఆగితే ఎంత బాగుండేది. ఆగలేదు. వేశారు, జనం చదివారు, ఒక్కరూ నమ్మలేదు. చావు నమ్మినంత సులువుగా బతుకును నమ్మలేదు. పావురానికి రంగేసి కూర్చోబెట్టారన్నారు. టిక్కెట్లు అమ్ముకోవడానికి నాటకమన్నారు. పిల్లల్ని వెంటేసుకుని వచ్చి పూలు పెట్టి ఏడ్చిన ఒక తల్లి, ఇంకా చీకట్లోనే ఉన్న సామానుగది గుమ్మంలో నిలబడి తాతను వేలెత్తి చూపిస్తూ, "మరి మేం ఏడ్చిన ఏడుపు ఎవరికి?" అని అడిగింది. ఆమె కోపం అబద్ధం రాసినవాళ్ల మీద కాదు. బతికున్నందుకు పిట్ట మీద.

సామానుగదిలో పెట్టమన్న డైరెక్టరు, నాకేం తెలియదు, పరీక్ష చేయించండి అన్నాడు. నలుగురు పిట్టల పండితులు వచ్చారు. ఆరుబయట, ఎండలో బల్ల వేశారు. సాక్షిగా పిట్టలమ్మను నిలబెట్టారు. తాత ఇంకో చేతికి లొంగదు గనక పట్టుకునే పని బావకే పడింది.

"మెల్లగా సార్. ముసలి ప్రాణం," అన్నాడు బావ.

"కదలకుండా పట్టుకోవయ్యా," అన్నాడు పెద్ద పండితుడు.

స్పిరిట్లో ముంచిన దూదితో మెడమీది నారింజ పట్టీని రుద్దారు. రంగు ఊడలేదు. ఇంకా గట్టిగా రుద్దారు. ఉన్న నాలుగు ఈకల్లో రెండు పీకారు. సూదితో నెత్తురు తీశారు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. పిట్టలమ్మ నోటిదాకా వచ్చింది ఆపండి అని. ఆపితే, చూశారా రంగే అంటారు. ఊరుకుంది.

అన్నాళ్ల తర్వాత ఒంటిమీద ఎండ పడింది కదా, బావ గుప్పిట్లో తాత మెడ ఎత్తింది. కూసింది. ఇత్తడిగిన్నె అంచుమీద చెంచాతో కొట్టినట్టు, ఒక్కసారి.

పెద్ద పండితుడు తల ఎత్తకుండానే అన్నాడు, "ఎవరిదో ఫోను మోగుతోంది, కట్టెయ్యండి."

ఎవరూ ఫోను తియ్యలేదు. పిట్టలమ్మ బావ చేతులకేసి చూసింది. ఆ చేతులు ఇంకా అలాగే పట్టుకుని ఉన్నాయి గానీ, పట్టుకోవాల్సిన పని అయిపోయింది. బల్లమీద దూది తెల్లగా ఉంది.

పరీక్షల ఫలితం వచ్చింది. అసలైన గంటపిట్టే. ఉద్యోగంలో ఆమెకు అది చివరి వారం. కొత్తగా రాస్తానని ఎడిటరును అడిగింది, ఎలా పోయిందో ఉన్నదున్నట్టు.

"కొత్తగా ఎందుకమ్మా, పాతది ఉందిగా. తేదీ మార్చు చాలు. చోటు కూడా అంతే ఉంది."

తేదీ మార్చింది. మార్చి, 'ప్రశాంతంగా' అన్న మాట ఒక్కటి కొట్టేసింది. మాట తగ్గేసరికి ఆ పంక్తి బోసిగా కనిపించిందట, పేజీ దిద్దేవాడు మళ్లీ పెట్టాడు. అలాగే అచ్చయింది, కొత్త వంటల పేజీ కింద. ఒక్కరూ చదవలేదు. ఒకసారి ఏడ్చినదానికి ఎవరు మళ్లీ ఏడుస్తారు?

ఆ తర్వాత ఎప్పుడో అక్కను చూడ్డానికి వెళ్లింది. బావ గుమ్మంలో కూర్చుని పంజరం కడుగుతున్నాడు. లోపల ఏ పిట్టా లేదు. ఆమెను చూసి లేచి, తడిచేతులు తుడుచుకుని, పక్కకు జరిగి దారిచ్చాడు.

"రండి విలేకరిగారూ, కూర్చోండి. మీ అక్కగారు లోపలున్నారు."

అన్నేళ్లలో ఆమెను అతను మీరు అనలేదు. ఏదైనా వెక్కిరింపు వస్తుందేమోనని గుమ్మంలో నిలబడి చూసింది. రాలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అదే మర్యాద. తిట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు తిట్లు అయిపోయేవి. మర్యాద అయిపోదు కదా. రాతిపలక మీద తన వాక్యం ఇంకా ఉంది గానీ ఆవిడ దాన్ని మళ్లీ చదవలేదు. ప్రకృతిలో లేని ఆ కసి ఎక్కడుంటుందో ఆవిడకు అప్పటికి తెలిసింది.

ఇదీ కథ. గుర్తుపెట్టుకో. రేపు నీ పక్కన ఎవరైనా కూర్చుంటే చెప్పు, నా పేరు చెప్పక్కర్లేదు. చెప్పేటప్పుడు మాత్రం ముసురు విడిచిన పొద్దున అది అరటిపండు తిన్న సంగతి దగ్గర కాసేపు ఆగు. తొందరపడి ముందుకు పోకు. అది తినడం పూర్తయ్యాకే మిగతాది చెప్పు.