సమోసాలు ఎవరు తేవాలి

"రేపెట్లా ఇంట్లనే ఉంటవు గదా," అన్నాడు మా ఆయన మురళి, బండి తాళంచెవి మేకుకు తగిలిస్తూ. "మా ఆఫీసోళ్లను ఆరుగురిని దావత్‌కు పిలిచిన. మా పెద్దసారు, దుర్గయ్య సార్ గూడ వస్తుండు. మటన్, బగారన్నం చెయ్. అండ్లకు చింతపులుసు ఖట్టా జర మస్తుగుండాలె, సార్‌కు ఇష్టం."

నేను పప్పులో పోపు వేస్తున్నాను. చేతిలో గరిటె ఉండగా వచ్చే మాటలకు జవాబు చెప్పడం కష్టం. ఆవాలు చిటపటలాడేలోపు ఎదుటివాళ్లు గదిలోంచి వెళ్లిపోతారు.

"రేపు నాకు గచ్చిబౌలిల మీటింగుందని మొన్న చెప్పిన," అన్నాను.

"ఆన్‌లైన్‌ల చేస్కో. మీ పనంతా గట్లనే గదా."

తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు. నేను సరే అనలేదు. కానీ ఆయనకు సరే అన్నట్టే వినిపించింది, నాకు తెలుసు. ఈ ఇంట్లో నేను అనని సరేలు కూడా అందరికీ వినిపిస్తాయి.

ఇంట్లో ఉండడం. నా ఉద్యోగానికి యాకుత్‌పురాలోని ఈ రెండు గదుల్లో ఉన్న పేరు అదే. సామాన్ల గదిలో బియ్యం డబ్బా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తాను, వైఫై అక్కడికే బాగా అందుతుంది. మీటింగు మధ్యలో మా అత్తమ్మ ఆండాలు వచ్చి, "జర లే బిడ్డ, బియ్యం తీస్కుంట," అంటుంది. ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుని, డబ్బా మూత తెరిచి, అవతల మాట్లాడుతున్నవాళ్లకు తల ఊపుతూ ఉంటాను. మా టీమ్ లీడ్ రవీందర్ ఒకసారి అందరి ముందూ అన్నాడు, "మేడం, మీరు మ్యూట్‌లో ఉండండి, మీ కుక్కర్ మాకంటే ఎక్కువ మాట్లాడుతోంది," అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజంతా ఆ నవ్వు దవడల్లో నొప్పిలా ఉండిపోయింది.

నా పని ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కంప్యూటర్‌లో చదువుకునే పాఠాలకు దారులు వేస్తాను. కంపెనీలు తమ ఉద్యోగులకు నేర్పించే పాఠాలు అవి. తెర మీద ఒక సందర్భం వస్తుంది, ఒక మనిషికి ఒక చిక్కు వస్తుంది. మీరైతే ఏం చేస్తారు అని అడిగి మూడు దారులు చూపిస్తాం. చదివేవాళ్లు ఒకటి నొక్కితే, దాని వల్ల ఏం జరిగిందో తర్వాతి తెర మీద కనిపిస్తుంది. అక్కడినుంచి మళ్లీ దారులు చీలతాయి. శిక్షించొద్దు, మెచ్చుకోవద్దు, జరిగేదే చూపించు. మా పనిలో మొదటి నియమం అది.

ఈసారి ఒక బ్యాంకుకు పాఠం. ఆఫీసులో ఒకరినొకరు ఎలా గౌరవించుకోవాలి అని. మొత్తం నేనే రాశాను. నేను రాసిన పాఠాలు ఎప్పుడూ రవీందరే తీసుకెళ్లి చూపిస్తాడు. రేపు మాత్రం బ్యాంకు వాళ్ల ముందు నేనే నిలబడి చూపించాలి. మా పాఠాలన్నీ సరిచూసే శ్రీహిత, నా కంటే పదిహేనేళ్లు చిన్నది, పట్టుబట్టి ఒప్పించింది. వాళ్లకు నచ్చితే తర్వాతి పాఠాలన్నీ నా చేతికి వస్తాయి. నేను పోకపోతే తను పోవడానికి రవీందర్ చొక్కా ఇస్త్రీ చేసుకుని తయారుగా ఉన్నాడు.

ఇవాళ మధ్యాహ్నం శ్రీహిత దగ్గర్నుంచి ఒక వాక్యం వచ్చింది. అప్పటినుంచి నా కాలు ఒక చోట నిలవడం లేదు.

నా పాఠంలో కళావతి అనే క్యాషియర్ ఉంటుంది. ఆఫీసులో ఎవరో రిటైరవుతున్నారు. మేనేజర్ ఆమెతో, "సమోసాలు, టీ మీరు చూసుకోండి, ఆడవాళ్లైతే బాగా చేస్తారు," అంటాడు. కళావతి ఏం చేయాలి? మొదటి దారి, నవ్వుతూ ఒప్పుకుంటుంది. రెండోది, ఇంకొకరిని సాయం అడిగి చేస్తుంది. మూడోది, ఈసారికి చేస్తాను, వచ్చేసారి వేరేవాళ్లకు చెప్పండి అంటుంది. మూడో దారి రాసినప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. ఎంత గట్టిగా మాట్లాడించాను అనుకున్నాను.

శ్రీహిత పక్కన ఇంతే రాసింది. "మేడం, మూడు దారుల్లోనూ సమోసాలు తెచ్చేది కళావతే కదా?"

అవును. మూడుసార్లు చదువుకున్నాను. ఎటు తిరిగినా ఆమె చేతిలో సమోసాల పొట్లం ఉంది. అలా రాయమని బ్యాంకు వాళ్లు చెప్పలేదు, రవీందర్ చెప్పలేదు. నేనే, నా చేతులతో, తేకుండా ఉండే దారి ఒకటి ఉంటుందని తోచకుండా రాశాను.

నాలుగో దారి రాయడం తేలికే. "కళావతి కుదరదని చెబుతుంది." ఆ తర్వాతి తెర మీద ఏం రాయాలి? మేనేజర్ కోప్పడ్డాడు అని రాసి కొట్టేశాను. అర్థం చేసుకున్నాడు అని రాశాను, నాకే నవ్వొచ్చింది. బట్టలు తీసుకురావడానికి మిద్దె ఎక్కాను, బట్టలు తీయకుండానే దిగాను. ఎప్పుడైనా ఎవరికైనా కుదరదని చెప్పానా అని వెతుక్కున్నాను. పెళ్లైన కొత్తలో మలక్‌పేట బడిలో టీచర్ ఉద్యోగం వస్తే, "నీ ఇష్టం, కాని అమ్మకు మోకాళ్లు నొస్తున్నయ్," అన్నాడు మురళి. నా ఇష్టమే కదా అని మానేశాను. ఆదివారాలు, చుట్టాల పెళ్లిళ్లు, ఆడబిడ్డ రూప పురుళ్లు, అన్నింటా నేను నవ్వుతూ ఒప్పుకున్నాను, లేదా సాయం అడిగి చేశాను, లేదా ఈసారికి చేస్తానన్నాను. కుదరదు అన్నాక మనుషుల ముఖాలు ఎలా ఉంటాయో నాకు తెలియదు. తెలియనిది ఎలా రాస్తాను?

మురళి స్నానం చేసి వచ్చి పళ్లెం ముందు కూర్చున్నాడు. అత్తమ్మ గోడకు ఆనుకుని, రేపటి మటన్‌కు కావాలని అప్పుడే వెల్లుల్లి పొట్టు తీస్తోంది.

"పొద్దున జల్ది పొయ్యి మటన్ తెస్త," అన్నాడు. "నువ్వు అల్లం నూరి పెట్టు."

"నేను చెయ్య," అన్నాను.

"ఏంది?"

"రేపు వంట చెయ్య. నాకు మీటింగుంది, పొద్దుగాలనే పోవాలె."

గొంతు పెద్దది చేయలేదు. పప్పు వడ్డిస్తూనే అన్నాను. ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. నిజం చెప్పాలంటే భయం కంటే ఆత్రంగా ఉంది. కోపం వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. చదవడం రాని భాషలో బోర్డు చూసినట్టు చూశాడు.

"పిలిచినంక గిట్లంటే ఎట్ల? నా ఇజ్జత్ ఏం గావాలె?"

"హోటల్ నుంచి తెప్పియ్యండి. లేకుంటే ఇంకోనాడు పిలువండి."

"నీ ఇష్టం," అన్నాడు. ఆ మాట తర్వాత ఎప్పుడూ ఒక 'కాని' వస్తుంది. దాని కోసం ఎదురు చూశాను. ఆయన సగం తిని చేయి కడుక్కుని ముందు గదిలోకి పోయాడు.

అత్తమ్మ చేతులు ఆగాయి. తిడుతుందని నడుము బిగించుకున్నాను. ఆమె గొంతు తగ్గించి, "గట్లన్నంక ఏమైతదో నేనైతే ఎన్నడు సూడలే బిడ్డ," అంది. పళ్లెంలోని వెల్లుల్లిని ఒక పక్కకు తోసి, చెవి ముందు గది వైపు పెట్టింది.

ముందు గదిలో మురళి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఎప్పటిలాగే స్పీకర్ పెట్టి, ఫోన్ అరచేతిలో పట్టుకుని.

"సార్, రేపటి దావత్ ఇంకోనాటికి వేస్తున్న. మా ఇంట్ల ఆమెకు పానం మంచిగ లేదు. బుఖార్."

వంటింటి గడపలో నిలబడిపోయాను. నాలుగో దారికి నాకు దొరకని వాక్యం అది. మేనేజర్ కోప్పడడు, అర్థం చేసుకోడు. కళావతికి ఒంట్లో బాగాలేదని అందరికీ చెబుతాడు. చుట్టాల ఫంక్షన్‌కు రాని ఆడవాళ్లందరి గురించీ మేం అనుకునేది అదే కదా, పానం మంచిగ లేదట అని. నేను కూడా ఎన్నిసార్లు లేని తలనొప్పిని తెచ్చుకుని పడుకున్నానో. ఈ ఇళ్లలో ఆడవాళ్లకు దొరికే ఒకే సెలవు జ్వరం. రేపు నేను మీటింగుకు పోయినా ఆ ఆరుగురికీ నేను దుప్పటి కప్పుకుని పడుకున్నదాన్నే. వచ్చే వారం మురళి మళ్లీ పిలుస్తాడు, నాకు నయమవుతుంది.

"అయ్యో, డాక్టర్‌కు చూపిచ్చినవా?" అంటోంది దుర్గయ్య సార్ గొంతు. "ఈ వానలకు అందరికి గట్లనే ఉంది."

నేను వెళ్లి మురళి పక్కన నిలబడ్డాను. నీళ్లు తెచ్చాననుకున్నాడేమో, చేయి చాపాడు.

"నమస్తే సార్, మహేశ్వరిని," అన్నాను ఫోన్ వైపు వంగి. "నాకేం బుఖార్ లేదు, మంచిగనే ఉన్న. రేపు నాకు ఆఫీసు పనుంది, గందుకే వంట చెయ్యనన్న."

మురళి ఫోన్‌ను గుండెకు ఆనించుకోబోయి ఆగాడు. అప్పటికే మాట వెళ్లిపోయింది. స్టేషన్ వైపునుంచి రైలు కూత వినిపించింది.

"గట్లనా అమ్మా," అన్నాడు దుర్గయ్య సార్. "మంచిది. నువ్వు ఏం పని చేస్తవు?"

ఈ ఇంటికి వచ్చిన తర్వాత నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. మురళి వైపు చూశాను. ఆయన కూడా జవాబు కోసం చూస్తున్నాడు.

నేను కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.