శుభ్రం చేసిన గొంతు

"గొంతు బొంగురుపోవడం ఎప్పట్నుంచి?" అని డాక్టరు అక్కను అడిగితే బావే ఆలోచించి, "మొన్న చలికాలం నుంచండీ" అన్నాడు. అక్క కూడా తలూపింది. తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముణ్ణి ఎవరూ అడగలేదు. చలికాలం కాదు, అంతకు ముందు వానాకాలం నుంచి అని చెప్పగలిగినవాడు ఆ గదిలో అతనొక్కడే.

"గడ్డ ముదిరిపోయింది. కాస్త ముందొచ్చి ఉంటే గొంతు మిగిలేదమ్మా" అన్నాడు డాక్టరు.

బావ కుర్చీలో కూలబడ్డాడు. అక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తమ్ముడు గోడ మీది క్యాలెండరు చూస్తూ ఉండిపోయాడు. ఆ మాటకు తన లోపల ఏదో అయిపోవాలని అతనికి తెలుసు. ఏమీ కాలేదు.

అతన్ని ఆఫీసులో అందరూ కత్తెర అంటారు. సిటీ బస్సుల్లో "తర్వాతి స్టాపు ఫలానా" అని పలికే గొంతును కోసి, అతికించి, బస్సులకు ఎక్కించడం అతని పని. ఆ గొంతు అక్కదే. అదే ఆఫీసులో టికెట్ల కౌంటర్లో కూర్చునే ఆవిడను ఒకరోజు సరదాగా మైకు ముందు కూర్చోబెడితే, పై ఆఫీసరు విని ఇంకెవరినీ వెతకనక్కర్లేదు పొమ్మన్నాడు. ఆ ఆఫీసరు ఉచితమంటే చెవి కోసుకుంటాడు. మెట్ల కింద గది, గోడలకు మేకులు కొట్టి వేలాడదీసిన పాత దుప్పట్లు, ఎవరో వద్దన్న కంప్యూటరు, అందులో ఊరూ పేరూ తెలియని మహానుభావులెవరో రాసి లోకానికి ఊరికే పంచిపెట్టిన సాఫ్ట్‌వేరు. దానికి పైసా కట్టక్కర్లేదని తెలిసిన రోజు, "ఊరికే వస్తే నాకొకటి, మా తాతకొకటి!" అని ఆఫీసరు తెగ మురిసిపోయాడు.

అక్క చదువుతుంటే తెర మీద నీలం గీతలు పైకీ కిందికీ కదిలేవి. ఊపిరి తీసుకున్న చోటల్లా కత్తెర కత్తిరించేవాడు. తప్పు చదివితే అక్కకు నవ్వు ఆగేది కాదు. అది మొదలవగానే అతను టక్కున రికార్డింగు ఆపే బటను నొక్కి, "కానీ అక్కా, కానీ" అనేవాడు. "నీ దగ్గర నవ్వడానికి కూడా పర్మిషన్ కావాల్రా" అనేది ఆవిడ.

రొదలు తీసేయడంలో అతనిది అందె వేసిన చెయ్యి. దానికో పద్ధతుంది. ఫ్యాను చప్పుడో మరొకటో ఒక్కటే వినిపించే చోటు చూసి, ఇదీ చెత్త అని సాఫ్ట్‌వేరుకు చూపించాలి. తర్వాత మొత్తం రికార్డింగును అప్పగిస్తే, అందులోంచి ఆ చెత్తను అదే ఏరిపారేస్తుంది. ఏది చెత్తో దానికి తెలియదు. మనం ఏది చూపిస్తే అదే.

ఆ వానాకాలం అక్క మాటల చివర ఇసుక రాలినట్టు ఒక గరగర మొదలైంది. మామూలు మాటల్లో అయితే ఎవరికీ తెలిసేది కాదు. హెడ్‌ఫోన్లో మాత్రం స్పష్టంగా ఉండేది. వైరు పాడైందనుకుని మార్చాడు. మైకు తుడిచాడు. వాన నీళ్ళు తోడే మోటారేమోనని దాన్నీ ఆపించి చూశాడు. చివరికి విసుగొచ్చి, ఆ గరగర ఉన్న ముక్కనే ఎంచి, ఇదీ చెత్త అని చూపించాడు. పోయింది. శుభ్రమైన గొంతును అక్కకు వినిపిస్తే, "అబ్బ, ఇది నేనేనా!" అని మెటికలు విరిచింది. అప్పట్నుంచి ప్రతిసారీ అలాగే చేశాడు. ఆఫీసులో అందరూ పాముచెవులని పొగిడే మనిషి అది వైరు కాదు, మనిషి అని ఒక్కనాడూ అనుకోలేదు. అక్క చెవిన ఒక్క మాట వేయలేదు.

ఆపరేషను అయింది. గొంతులోంచి మాట పుట్టే పెట్టెనే తీసేశారు. అక్క మెడకు మెత్తటి గుడ్డ కట్టుకుని, కూతురు చిన్నప్పుడు రాసుకున్న పలక చేతిలో పట్టుకుని తిరగసాగింది. బావ వంటింట్లో పంపు తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చేవాడు. కత్తెర మాత్రం వేళకు తిన్నాడు, వేళకు ఆఫీసుకు పోయాడు. బస్సెక్కితే అక్క గొంతు స్టాపు పేరు చెప్పేది, అతను దిగేవాడు. నొప్పి లేకుండా పన్ను పీకించుకున్నవాడి దవడలా లోపలంతా మొద్దుబారిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు గానీ, అతనికి చేతులు కాలిన సంగతే తెలియడం లేదు.

అంతలో ఏటి మీద కొత్త వంతెన తెరిచారు. అక్కడో స్టాపు పెట్టారు.

"ఏమయ్యా, మీ అక్క చదివినవాటిలో కొత్త మార్కెట్ ఉంది, పాత వంతెన ఉంది. ఆ 'కొత్త' తెచ్చి ఈ 'వంతెన'కు అతికించలేవూ?" అన్నాడు ఆఫీసరు. "కాదంటే చెప్పు, వేరే అమ్మాయిని చూద్దాం."

ఆ సంగతి ఇంట్లో చెబితే అక్క పలక మీద, "నేనూ వస్తా" అని రాసింది. ఎన్నాళ్ళకో ఆవిడ ముఖంలో ఒక కోరిక కనిపించింది. కాదనలేకపోయాడు.

మెట్ల కింద గదిలో ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. శుభ్రం చేసిన ముక్కల్ని కలిపితే అతుకు తెలిసిపోతుంది. అసలు రికార్డింగుల్లోంచి తీస్తేనే కలుస్తాయి. పాతవన్నీ చోటు చాలక ఎప్పుడో చెరిపేశాడు. మిగిలింది ఆ చివరి ఏడాదివే. అక్కను టీ తెమ్మని పైకి పంపిస్తే, వచ్చేలోపు గరగర తీసేసి ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. అలా అనుకున్నాడు కూడా. ఈలోపు అక్క పక్కనున్న హెడ్‌ఫోన్ తీసి పెట్టేసుకుంది.

నొక్కాడు. "పాత వంతెన." చివర ఇసుక రాలింది.

అక్క కళ్ళు చిట్లించింది. మళ్ళీ నొక్కమని సైగ చేసింది. మళ్ళీ రాలింది. పలక మీద రాసింది: "ఇది ఎప్పటిది?"

"వానాకాలంది." అతని గొంతు మామూలుగానే ఉంది, టైము అడిగితే చెప్పినట్టు. "నాకు అప్పుడే వినిపించిందక్కా. వైరు అనుకున్నా. తీసేశా. ప్రతిసారీ తీసేశా."

అక్క పలక తుడిచింది. తర్వాత చిన్న అక్షరాలతో నింపింది: "నాకూ అనుమానంగానే ఉండేదిరా. నువ్వు వినిపించినప్పుడల్లా గొంతు బాగుండేది. తగ్గిపోయిందనుకున్నా."

చదివాడు. ఇంకోసారి చదివాడు. ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇక తగలదు. అయినా లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయాయి. 'కొత్త' తెచ్చి 'వంతెన'కు అతికించాయి. అలవాటు కొద్దీ చివరి గరగరను ఎంచబోయాయి. అక్క అతని మణికట్టు పట్టుకుంది. పలక తుడిచి ఒక్క మాట రాసింది: "ఉండనీ."

మర్నాడు ఆఫీసరు విని మొహం చిట్లించాడు. "గరగరమంటోందే! కాస్త తుడవకూడదూ?"

"తుడవనండీ. అది మా అక్క గొంతు."

ఆఫీసరు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, అలాగే బస్సులకు ఎక్కించమన్నాడు.

ఆ వారమే అక్కను పరీక్షలకు తీసుకెళ్తూ ఆ బస్సే ఎక్కాడు. ఏరు దగ్గరపడింది. పైన స్పీకరు, "తర్వాతి స్టాపు, కొత్త వంతెన" అని చివర ఇసుక రాల్చింది. ముందు సీట్లో ముసలావిడ చిరాగ్గా తలెత్తి, "ఈ డబ్బా పాడైపోయినట్టుంది. ఎవరికి పట్టింది, చెప్పండి?" అంది.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. పెదవులు బిగబట్టింది గానీ ఆగలేదు. భుజాలు ఊగేలా, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. చప్పుడు మాత్రం లేదు.

కత్తెర వేలు మోకాలి మీద తనంతట తనే కదిలింది, ఆపే బటను కోసం.

అక్క నవ్వు ఒక్కటైనా దాచుకోనివ్వని ఆ వేలిని చూసుకున్నాడు. పిడికిలి బిగించి దాన్ని లోపల దాచాడు. అప్పుడొచ్చింది ఏడుపు. అంతమందిలో, సిగ్గూ ఎగ్గూ లేకుండా, వెక్కి వెక్కి ఏడ్చాడు. అక్క నవ్వుతూనే అతని తల తన భుజానికి ఆనించుకుంది. ముసలావిడ కంగారుపడి, "స్పీకరే కదా బాబూ, బాగుచేస్తార్లే" అంది.